రెండో 'ఓ'

సెయింట్ జాన్స్‌లో, చేపల రేవు వెనక సందులో
గార్లండ్ నోఫ్టల్ దుకాణం.
దుప్పట్లో చుట్టి తెచ్చాను,
"తాతని తెచ్చానండీ" అన్నాను.
తుపాకి అనబోయి నోరు జారింది.
ఆయన నవ్వలేదు.
బల్ల మీద పాత తువ్వాలు పరిచి
"పడుకోబెట్టమ్మా" అన్నాడు.

జంట గొట్టాలు. కుడి గుర్రానికి చెవి విరిగింది.
మడమకి సీల్ తోలు పట్టీ,
మా నాయనమ్మ ట్రైఫీనా కుట్టింది,
చిరిగిన తెరచాపకి వేసే కుట్టే దానికీ వేసింది.
గొట్టాల నిండా పాము కుబుసం మెలికలు.
పక్క రేకు మీద ఎగురుతున్న రెండు పిట్టలు:
బాతులని తాత, కోళ్ళని మిగతా గల్ టికిల్ అంతా.
వాటి కింద ఒక దొర పేరు.
పేరు కింద లండన్.

"చేసిందెవరో తెలియాలి.
మా దీవి మ్యూజియం వాళ్ళ కాగితంలో
ఆ ఒక్క గడీ ఖాళీగా ఉంది."

భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.
"లండన్‌లో రెండో 'ఓ' లేదు, చూశావా?
ఆ చోట 'ఈ' ఉంది."

చూశాను.
ఎనిమిదో ఏట, కొత్తగా చదువొచ్చిన వేలితో
ఒక్కో అక్షరం తడుముతూ చూశాను.
"తాతా, ఇది తప్పు" అన్నాను.
అజరాయా తాత పైపు తీసి
"ఇనప్పలక మీద చెక్కినవాడికి తెలుస్తుందా,
కాగితం మీద అచ్చేసినవాడికా?" అన్నాడు.
ఆ ఏడంతా బడిలో లండన్‌ని 'ఈ'తోనే రాశాను.
టీచరు మార్కులు కోసింది.
నేను మార్చలేదు.

నోఫ్టల్ గొట్టాలు విప్పి వెల్లకిలా తిప్పాడు.
నూనె గుడ్డతో రుద్దితే
వందేళ్ళ మసి కింద నుంచి తేలింది
గుడ్డు ఆకారంలో ఒక గీత,
లోపల మూడక్షరాలు, ఒక నక్షత్రం.
"లీజ్. బెల్జియం సరుకు.
ఒక వీధిలో గొట్టం, ఇంకో వీధిలో తాళం,
ఎవరి వంటగదిలోనో నునుపు పెట్టడం.
చెక్కేవాడికి కాగితం ముక్క ఇస్తారు.
వాడికి ఇంగ్లీషు రాదు,
బొమ్మ చూసి బొమ్మ దించాడు."

తడి చేత్తో పట్టుకుని ఉంటాడా కాగితాన్ని?
'ఓ' చెదిరి 'ఈ' అయ్యిందా?
లేక, దీపం సరిపోలేదా?

నాకు పెన్‌హాలో షావుకారు ఖాతా గుర్తొచ్చింది.
అటక మీద దొరికిందది, ఎలుకలు అంచులు తిన్నాక.
'లండన్ తుపాకి ఒకటి.'
ఎదురుగా రెండు వేసవుల ఉప్పుచేప,
నాయనమ్మ వేళ్ళ పగుళ్ళలో ఉప్పు దిగుతుండగా
బండల మీద ఎండేసి, తిరగేసి, వాన వస్తే పోగేసిన చేప.
పక్కన తాత సంతకం:
అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి.

తాతకి చదువు రాదు.
లీజ్‌లో ఆ చెక్కినవాడికి ఇంగ్లీషు రాదు.
పెన్‌హాలోకి రెండూ వచ్చు.

"ఇదిగో, ఇది కూడా చూడు" అన్నాడు నోఫ్టల్,
నా చూపుడువేలు పట్టి
రెండు గొట్టాల మధ్య ఇరుకులో పెట్టాడు.
గోటికి తగిలింది ఆకురాయి గాటు.
దాని మీదుగా ఇంకో గాటు.
"ఆకురాయి పనివాడి గుర్తు. కూలి లెక్కకి
ఒక్కొక్కడికీ ఒక్కో గుర్తు ఉండేది.
పేరు ఎక్కడా దొరకదు.
'తెలియదు' అని రాసెయ్యి."

వేలు తియ్యబుద్ధి కాలేదు.
బయట రేవులో ఎవరో మంచు పెట్టెలు దొర్లిస్తున్నారు.
విరిగిన చెవికి ఎంతవుతుందని అడిగాను.
"పేల్చవు కదా, వదిలెయ్" అన్నాడు.
పొడిబట్టకి మాత్రం డబ్బులు తీసుకున్నాడు.

తిరిగొచ్చే పడవలో, అల ఒకటి కుదిపేస్తుంటే,
కాగితం మోకాలి మీద పెట్టుకుని
'చేసినవారు' గడిలో రెండు గీతలు గీశాను,
అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి.

మ్యూజియం అమ్మాయి చూసి
"అయ్యో, వివరం దొరకలేదా?" అంది.
కొట్టేశాననుకుంది.